కిటికీ పక్క ముసలావిడ అనవసరం

కప్పుల ఫ్యాక్టరీలో అతని పని తట్టి చూడడం. బట్టీలో కాలిన కప్పులు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. ఒక్కొక్కదాన్నీ ఎడమ చేత్తో ఎత్తి, కుడి చేతిలోని చిన్న కర్రపుల్లతో అంచు మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఖణేల్మని మోగితే మంచిది. డొల్లగా పలికితే లోపల ఎక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టు. అలాంటిది పక్కనున్న ఇనప డబ్బాలో పడి ముక్కలవుతుంది. రోజుకి రెండు వేల కప్పులు, పందొమ్మిదేళ్లు. బీటకప్పు ఒక్కటి కూడా అతని చెయ్యి దాటి పోలేదని మేస్త్రీ కొత్తగా చేరినవాళ్లకి గొప్పగా చెబుతుంటాడు. మంచి కప్పులు ఎన్ని ఆ డబ్బాలో పడ్డాయో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

పన్నెండున్నరకి బెల్టు ఆగుతుంది. మిగతావాళ్లు టిఫిను డబ్బాలు విప్పి కబుర్లలో పడతారు. అతను మాత్రం స్టోరు గదిలో ఉన్న పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఆటలాడతాడు. పెద్ద కంపెనీలవాళ్లు చేసే ఆటలు కావు. ఎవరింట్లో వాళ్లు, ఒక్కళ్లే కూర్చుని చేసుకునే చిన్న చిన్న ఆటలు. లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి, పది నిమిషాల్లో అయిపోతాయి. ఆట కింద కామెంటు రాయడానికి ఓ పెట్టె ఉంటుంది. నిజం చెప్పాలంటే అతను ఆడేది ఆ పెట్టె కోసమే.

ఇంటి ఆటల సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో కూర్చుని ఆ ఇంటి మీద చేసిన ఆటలో ఏం మార్చినా, ఆ పూట దాటేలోపు ఇంట్లోనూ అది మారిపోతుంది. అతనుండే బిల్డింగులోనే కింద వాటాలో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉన్నాడు. ఆయన మెట్లెక్కే ఆట ఒకటి చేశాడు. మెట్లు మరీ ఎక్కువయ్యాయని ఎవరో రాస్తే మూడు తీసేశాడు. ఆ సాయంత్రం నుంచి బిల్డింగుకి పద్దెనిమిది మెట్లే. లేని మెట్టు మీద కాలు వెయ్యబోయి వారం రోజులు అందరూ తూలారు గానీ, పోస్టుమాన్ మాత్రం మాస్టారి చేతులు పట్టుకుని మరీ థ్యాంక్స్ చెప్పాడు. అందుకే కామెంట్లు రాసేవాళ్లు మామూలుగా కాస్త ముందూ వెనకా చూసుకుని రాస్తారు. ఎక్కడో ఎవరి గోడకో, ఎవరి మంచానికో తగులుతుందని వాళ్లకి తెలుసు.

తెలియక కాదు, అతనికీ తెలుసు. కామెంట్ల దగ్గర అతని పేరు 'డొల్లచప్పుడు'. ఆ పేరు కనపడితే ఆట చేసినవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. పెట్టిన ప్రతి వస్తువునీ తట్టి చూస్తాడు. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అని తిట్టుకుంటూనే, వందలమంది అతను ఏం రాశాడో చూశాకే ఆ ఆట ఆడాలో వద్దో తేల్చుకుంటారు. మూడు స్టార్లకి మించి ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. ఒకావిడ తన కుక్క మీద ఆట చేస్తే, మొరుగుడు అనవసరంగా ఎక్కువైందని నాలుగు పేరాలు రాశాడు. ఆవిడ మొరుగుడు తీసేసింది. తర్వాత జవాబు రాసింది: 'సరిచేశాను. మా కుక్క ఇప్పుడు నోరు తెరుస్తుంది, చప్పుడు రాదు. గేటు దగ్గర నిలబడి ఊరికే నోరు తెరుస్తోంది.' అతనెప్పుడూ జవాబుల్లో మొదటి లైను మాత్రమే చదువుతాడు. చదివి, రెండు స్టార్లని మూడు చేశాడు.

సాయంత్రం ఆరింటికి ఇంటి తలుపు తాళం తిప్పుతాడు. ముందుగదిలో కిటికీ పక్క ఆకుపచ్చ కుర్చీలో వాళ్లమ్మ కూర్చుని ఉంటుంది.

"వచ్చావా నాన్నా? బయట చల్లగా ఉందా?"

మండువేసవిలో వచ్చినా ఆవిడ అడిగేది అదే. అతను "ఊఁ" అంటాడు. ఆవిడ చెయ్యి చాచి, కుర్చీ పక్కనున్న దీపం వేస్తుంది. రోజు మొత్తానికి తల్లీకొడుకుల మధ్య మాట్లాడుకోవడం అంటే ఇంతే. మంచివాడు కాదా అంటే, అమ్మకి మందులు తేవడం ఏనాడూ మర్చిపోలేదు. మాటలే లేవు.

ఆవిడ నలభై ఏళ్లు ఒక బట్టల షాపు వెనకగదిలో ఆల్టరేషన్లు చేసింది. కొత్త బట్ట కుట్టడం కాదు, వేరేవాళ్లు కుట్టినదాన్ని విప్పి సరిచెయ్యడం. వదులు చెయ్యి, బిగుతు చెయ్యి, చేతులు కుదించు, అంచు దించు. షాపుకి వచ్చినవాళ్లు ఏమంటే అది. ఒక్కరితోనూ ఎదురు మాట్లాడలేదు. "వాళ్లు చెప్పింది తప్పైతే?" అని కోడలు ఒకసారి అడిగింది. "వేసుకునేది వాళ్లు కదా అమ్మాయ్. బిగుతుగా ఉందంటే ఉన్నట్టే. నేను వాదిస్తే చొక్కా వదులవుతుందా?" అని నవ్వింది ఆవిడ. ఆ షాపులో ఆవిడకి పేరు తెచ్చింది చివరి పని. కుట్టు విప్పిన చోట చుక్కల గీత ఒకటి మిగులుతుంది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, ఆ గీత పోయేదాకా వదిలేది కాదు.

కోడలు కళ్ల ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. నోరు కాస్త చురుకు. అత్తగారి మీద ప్రాణం. ఒక ఆదివారం ఆవిడకి మొగుడి రాతలు చూపించి, "చూడండి అత్తయ్యా మీ అబ్బాయి నిర్వాకం, కుక్క మొరిగితే నాలుగు పేరాలట!" అంది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నాలుగూ చదివింది. మళ్లీ చదివింది. ఆవిడకి కోపం రాలేదు.

"వీడి దగ్గర ఇన్ని మాటలున్నాయా?" అంది.

కొడుకు తనతో అంత పొడుగున మాట్లాడి పన్నెండేళ్లయింది. మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్లి పేరు రాయించుకుంది. వయసైనవాళ్లకి అక్కడ మంగళవారం మంగళవారం ఆటలు చెయ్యడం నేర్పుతారు. రంగురంగుల ముక్కల్ని లాగి ఒకదాని కింద ఒకటి అతికించడమే. "ఇది ముందు భాగం, ఇది వెనక, ఇది చెయ్యి. అతకడమేగా," అని నెల తిరిగేసరికి ఒక ఆట చేసేసింది. 'మంగళవారం' అనే పేరు మీద పెట్టింది.

"మీరే చేశారని చెప్పనా?" అంది కోడలు.

"చెప్పావంటే ఒట్టు! మనవాళ్లదని తెలిస్తే 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. వాడు వివరంగా రాసేది ముక్కూ మొహం తెలియనివాళ్లకేగా."

ఆటలో ఒక చిన్న ఇల్లు. సాయంత్రమవుతుంటే ఒక అమ్మాయి తీగ మీద బట్టలు తియ్యాలి, నీళ్లు కాచాలి, చిందరవందరగా ఉన్న చెప్పులు సర్దాలి. కిటికీ పక్క కుర్చీలో ఒక ముసలావిడ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంటుంది. అప్పుడప్పుడు లేచి ఆ అమ్మాయి తెచ్చిన బట్టలు మడతపెడుతుంది. ఆరింటికి తలుపు తెరుచుకుని ఒక మనిషి వస్తాడు. 'వచ్చావా? బయట చల్లగా ఉందా?' అంటుంది ముసలావిడ. ఆడేవాళ్లు జవాబు మీట నొక్కితే ఆ మనిషి ఏదో ఒకటి చెబుతాడు, కుర్చీ పక్క దీపం వెలుగుతుంది, ఆట అయిపోతుంది. అంతే ఆట.

అతను ఓ మధ్యాహ్నం దాన్ని తెరిచాడు. గోడ మీద క్యాలెండరు రెండు పిక్సెళ్లు వంకరగా ఉన్నట్టు వెంటనే పట్టుకున్నాడు. అది తన ఇంటి క్యాలెండరని పట్టుకోలేదు. కుర్చీ ఎడమ చేతి మీద రంగు వెలిసిపోయిందని పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకుని లేచీ లేచీ ఆ రంగు పోగొట్టింది ఎవరో పట్టుకోలేదు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది కూడా ఏం లేదు. ఇంట్లో అతను దేన్నీ ఎత్తి తట్టి చూడలేదు.

'ఆట చూశాను,' అని మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే. 'కొళాయి కారుతున్న చప్పుడు ఎందుకో తెలియదు, చిరాకు తప్ప. క్యాలెండరు వంకర. ముందుగది గోడకి ఆ పసుపు రంగు ఎవరు వేశారో గానీ కళ్లు మండుతున్నాయి. రెండు స్టార్లు.' మధ్యలో ఇంకా చాలా ఉంది. మొత్తం ఐదు పేరాలు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్లు వంటింట్లో తలుపు వేసుకుని చదివారు. "ఐదు! కుక్కకి నాలుగే రాశాడు," అంది ఆవిడ చిన్నపిల్లలా. కోడలికి ఒళ్లు మండిపోయింది. కానీ ఆవిడ మొహం చూసి ల్యాప్‌టాప్ ఆవిడ ముందుకి జరిపింది. ఆవిడ అప్పటికప్పుడే కూర్చుని, కుర్చీ చెయ్యి రంగు ఒక్కటి తప్ప అన్నీ సరిచేసి, కింద రాసింది: 'మీరు చెప్పినట్టే చేశాను. ఇంకా ఎక్కడైనా బిగుతుగా ఉంటే చెప్పండి.'

భోజనాల వేళకి కొళాయి కారడం ఆగింది. గోడ తెల్లబడింది.

"కొళాయి బాగు చేయించావా?" అన్నాడు అతను.

"ఆటలో బాగు చేశారు," అంది భార్య, చెయ్యి కడుక్కుంటూ.

కింద మాస్టారు బిల్డింగు మొత్తానికి ఏదో చేసుంటాడులే అనుకుని అతను కంచం ముందు కూర్చున్నాడు. ఎవరు, ఏ ఆట అని అడగలేదు. అడిగితే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పేసేదాన్నని కోడలు తర్వాత చాలాసార్లు అనుకుంది.

పదిరోజుల తర్వాత మళ్లీ ఆడాడు. తన మాట విని మార్చిన ఆటని ఇంకోసారి చూడడం అతని పద్ధతి. ఈసారి అతని చూపు ముసలావిడ మీద పడింది. 'ప్రతిసారీ అదే ప్రశ్న. ఒకసారి విన్నవాడికి రెండోసారి ఎందుకు? దాన్ని దాటెయ్యడానికి స్కిప్ బటన్ పెట్టండి. జవాబు చెబితే గానీ దీపం వెలగదనడం మరీ దారుణం, ఆడేవాడికి అంత ఓపిక ఉండదు.'

"అత్తయ్యా, ఇది పెట్టకండి," అంది కోడలు.

"వాడికి విసుగ్గా ఉందట కదే," అంది ఆవిడ. బటన్ పెట్టింది. దీపం సంగతి మాత్రం మార్చలేదు. అదొక్కటీ చేతులు రాలేదు.

మర్నాడు సాయంత్రం అతను తలుపు తీశాడు. అమ్మ నోరు తెరిచింది. మాట బయటికొచ్చేలోపే అతను వంటింట్లో ఉన్నాడు. గుమ్మం నుంచి వంటింటికి మధ్యనున్న గది ఎలా దాటాడో అతనికే తెలియదు. రోజూ అంతే అయింది. తలుపు దగ్గర మనిషి వంటింట్లో తేలేవాడు, ఆవిడ సగం తెరిచిన నోరు మూసుకునేది. జవాబు లేదు గనక కుర్చీ పక్క దీపం వెలగడం మానేసింది. అతను బల్బు రెండుసార్లు మార్చి, వైరింగు పోయిందేమోనని వదిలేశాడు. "ఈ మధ్య ఇల్లు హాయిగా ఉంది కదా," అన్నాడొకరోజు. భార్య చేతిలో ఉన్న గరిటె గిన్నెలో పడేసి బయటికి వెళ్లిపోయింది.

అమ్మకి ఆ చీకట్లో మాట్లాడ్డానికి ల్యాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. రోజంతా కళ్లలో వత్తులు వేసుకుని దాని ముందు కూర్చునేది. మూడో కామెంటు కోసం ఇరవై రోజులు చూసింది.

మూడోది వచ్చింది. 'ముసలావిడ మడతపెట్టడానికి లేచినప్పుడల్లా సందులో అడ్డం పడుతోంది. అమ్మాయి వెనకాల ఆగి నిలబడాల్సి వస్తోంది, ఆరు సెకన్లు పోతున్నాయి. ఆవిణ్ని కుర్చీలోంచి కదలనివ్వకండి.'

ఆవిడ అదీ సరిచేసింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ కుర్చీలోంచి లేవలేకపోయింది. కాళ్లల్లో నొప్పేం లేదు, వాపేం లేదు. లేవడం అనేది ఇక లేదు, అంతే. బట్టలు కుర్చీ దగ్గరికి తెస్తే కూర్చునే మడతపెట్టేది. కోడలు పొద్దున్నే తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, అన్నం కలిపి పెట్టి ఆసుపత్రికి వెళ్లేది. డాక్టరు వచ్చి చూసి, "ఆటలో కదలొద్దన్నారా?" అని అడిగాడు. కోడలు అవునంటే, మందులేం రాయకుండా వెళ్లిపోయాడు. కొడుకు ఒక దిండు కొనుక్కొచ్చి అమ్మ నడుం వెనక పెట్టాడు. వయసు మీద పడిందనుకున్నాడు.

ఆ ఆదివారం కోడలు ఇక ఊరుకోలేకపోయింది. అతను ముందుగదిలోనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ కుర్చీలో ఉంది.

"మీరు రాసేవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో జరుగుతాయని తెలుసుగా మీకు?"

"తెలుసు. అందుకే నిజం రాస్తాను. బాగుందని అబద్ధం రాస్తే వాళ్ల ఇల్లు బాగుపడుతుందా?"

"ఆ మంగళవారం ఆటలో కుర్చీ ఏ రంగు?"

అతను తల ఎత్తాడు. తన ఆటల గురించి భార్య అడగడం అదే మొదలు. సంతోషం కూడా కలిగింది. "ఆకుపచ్చ. ఎడం చెయ్యి వెలిసిపోయి ఉంటుంది. అది సరిచెయ్యమని రాశాను, చెయ్యలేదు. మొండి మనిషి."

"అయితే ఒక్కసారి తల తిప్పి అటు చూడండి."

కుర్చీలో ఉన్న ఆవిడ చెయ్యెత్తి కోడల్ని వద్దని వారించింది. ఎత్తిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. చూస్తాడేమోనన్న భయం, చూస్తే బాగుండునన్న ఆశ, రెండూ ఆ మొహంలోనే ఉన్నాయి.

అతను తల తిప్పి చూశాడు. తీరిగ్గానే చూశాడు.

"చూశాను. ఏముంది?"

ఆవిడ చెయ్యి నెమ్మదిగా ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ మీదికి దిగింది. కోడలు వంటింట్లోకి వెళ్లి కొళాయి విప్పుకుని చాలాసేపు ఏడ్చింది.

మరుసటి గురువారం, పన్నెండున్నరకి, అతను నాలుగోసారి ఆడాడు. మనసులో కొంచెం అభిమానం కూడా పుట్టింది ఆ ఆట మీద. ఇంతలా మాట విన్న మనిషి ఇంతవరకు తగల్లేదు. ఇంకొక్క అడుగు వేయిస్తే ఇది నిఖార్సైన ఆట అవుతుందనిపించింది. తినడం ఆపి, రెండు చేతులతో రాశాడు.

'మీ శ్రమ తెలుస్తోంది. నేను చెప్పినవి దాదాపు అన్నీ చేశారు. కానీ ఇప్పుడు కిటికీ పక్క ముసలావిడ అనవసరం. ఆవిడ అడిగేది స్కిప్ అయిపోతోంది. కదలదు. దీపం వెలగదు. ఆ కొద్ది బట్టలు ఎవరైనా మడతపెడతారు. మరి ఎందుకున్నట్టు? ఆవిణ్ని చూస్తుంటే ఇంట్లోకి రావాలనిపించదు, ఏదో బాకీ ఉన్నట్టుంటుంది. తీసెయ్యండి. ఇల్లు శుభ్రంగా ఉంటుంది, ఆట తొందరగా తెరుచుకుంటుంది. తీసేస్తే ఐదు స్టార్లు ఇస్తాను. ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.'

కోడలు ఆసుపత్రిలో ఉంది. ఆవిడ ఒక్కతే ఉంది ఇంట్లో. ఎన్నిసార్లు చదివిందో, ఏమనుకుందో చెప్పడానికి ఎవరూ లేరు. ఏడ్చిందో లేదో కూడా తెలియదు. ఆ మధ్యాహ్నం రెండుంబావుకి పైవాటావాళ్లకి ఇస్త్రీ వాసన వచ్చిందట.

మూడింటికి టీ బెల్లు కొట్టారు. అతను స్టోరు గదిలోకి వెళ్లి చూస్తే జవాబు వచ్చి ఉంది. మొదటి లైను చదివాడు: 'మీరు చెప్పినట్టే ముసలావిణ్ని తీసేశాను.' ఆట తెరిచాడు. ఆమాటకొస్తే నిజంగానే తొందరగా తెరుచుకుంది. కిటికీలోంచి వెలుగు నేల మీద శుభ్రంగా పడుతోంది. అమ్మాయి సందులో ఎక్కడా ఆగకుండా తిరిగింది. ఆరింటికి మనిషి వచ్చాడు, ఆట అయిపోయింది. తట్టి చూస్తే ఎక్కడా డొల్ల లేదు. అతను మాటిచ్చినట్టే ఐదు స్టార్లు ఇచ్చాడు. మేస్త్రీని పిలిచి మరీ చూపించాడు.

"నువ్వు ఐదిచ్చావంటే అందులో ఏదో విశేషం ఉండే ఉంటుందయ్యా," అన్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రం బిల్డింగు దగ్గర డ్రాయింగు మాస్టారు ఎదురయ్యాడు. "మీ అమ్మగార్ని తీసేశారటగా," అన్నాడు, మామూలుగా, వానొచ్చేలా ఉందన్నట్టు. "మంచిదే లెండి, మీ ఆవిడకి చాకిరీ తగ్గింది. ఎవరు రాశారో గానీ."

అతను పద్దెనిమిది మెట్లూ ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు తీస్తే ముందుగది పెద్దదిగా కనపడింది. కిటికీ పక్క నేల. కుర్చీ కాళ్లు ఏళ్లతరబడి నొక్కుకున్న నాలుగు గుంటలు ఉండాల్సిన చోట నేల నున్నగా ఉంది. దీపం లేదు. అతను కొన్న దిండు లేదు. భార్య గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది, ఆసుపత్రి బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

"ఐదిచ్చారటగా," అంది. "కంగ్రాచ్యులేషన్స్."

అతను ఫోను తీసి ఆ జవాబు తెరిచాడు. జీవితంలో మొదటిసారి రెండో లైను చదివాడు.

'కుర్చీ, దీపం, ఒళ్లో ల్యాప్‌టాప్ కూడా ఆవిడతోపాటే పోతాయి. బట్టలు మడతపెట్టే పని అమ్మాయికి ఇచ్చాను. దానికి కాస్త శ్రమ ఎక్కువవుతుంది, ఏమీ అనుకోవద్దని చెప్పండి. మీరు ఇన్నిసార్లు ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషం. కుట్టు విప్పిన గీత కనపడకుండా ఇస్త్రీ చేశాను. ఇప్పుడు ఎక్కడా బిగుతు ఉండదు.'

ఆ చివరి రెండు వాక్యాలూ అతను పుట్టినప్పటి నుంచి విన్నవే. చిన్నప్పుడు షాపు వెనకగదిలో, ఆ మాటలు వింటూనే బట్టల కుప్ప మీద నిద్రపోయేవాడు. "అమ్మా!" అని అరిచాడు. పన్నెండేళ్లలో అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు. పైవాటావాళ్లు టీవీ సౌండు కాస్త తగ్గించి, మళ్లీ పెంచుకున్నారు.

మర్నాడు పనికి వెళ్లలేదు. పొద్దున్నుంచి ఆ పెట్టెలో రాస్తూనే ఉన్నాడు. 'ముసలావిణ్ని మళ్లీ పెట్టండి. నేను రాసింది తప్పు. ఆట మొత్తం ఆవిడే. ఆవిడ లేకపోతే ఆ మనిషి ఇంటికెందుకు రావాలి?' అని మొదలుపెట్టి పదకొండు పేరాలు రాశాడు. ఆవిడ చూసి ఉంటే లెక్కపెట్టి ఎంత మురిసిపోయేదో. ప్రతి కామెంటు కిందా సన్నటి అక్షరాలతో ఒక లైను ఉంటుంది, చేసినవాళ్లు చదివారో లేదో చెప్పేది. అతని పదకొండు పేరాల కింద 'తయారుచేసినవారు ఇంకా చూడలేదు' అని ఉంది. లైబ్రరీకి వెళ్లి అడిగాడు. చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ ఆటలో చెయ్యి పెట్టలేరన్నారు. పాస్‌వర్డు ఉంటే వేరే సంగతి అన్నారు. అదేదో రాసుకున్న కాగితం ల్యాప్‌టాప్ అడుగున అతికించి ఉండేదని భార్యకి తెలుసు. అతనితో ఆ మాట చెప్పి, మళ్లీ బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

ఫ్యాక్టరీలో నెలలోపు మూడు బీటకప్పులు అతని చెయ్యి దాటి వెళ్లిపోయాయి. మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. చెవి దెబ్బతిందేమోనని డాక్టరుకి చూపించుకోమన్నాడు.

ఇంట్లో స్కిప్ కూడా ఇప్పుడు లేదు, దాటాల్సింది ఏదీ లేదు కాబట్టి. ఆరింటికి తలుపు తీసి అడుగులో అడుగు వేసుకుంటూ ముందుగది దాటాలి. కిటికీ దగ్గరికొచ్చాక ఆగి, "వచ్చానమ్మా. చల్లగానే ఉంది," అంటాడు. అడిగినవాళ్లు లేరు గనక అది జవాబు కింద లెక్కకి రాదు. భార్య వచ్చి పెద్ద లైటు వేసి, అతని పక్కనుంచి వెళ్లిపోతుంది. ఇప్పుడు భార్య అతనితో మాట్లాడేది రోజుకి నాలుగు మాటలు.

డొల్లచప్పుడు ఐదిచ్చాడన్న వార్త పాకి, ఆ ఆట ఎక్కడెక్కడివాళ్లో ఆడారు. కామెంట్లు వేలల్లో పడ్డాయి. అందులో ఒకటి అందరికంటే పైకి తేలింది. ఎవరో కొత్త పిల్ల, కాలేజీలో చదువుకుంటోందట, అచ్చం అతని పద్ధతిలోనే రాసింది: 'ఆట చూశాను. అమ్మాయి పని బాగుంది, ఇల్లు శుభ్రంగా ఉంది. కానీ ఆరింటికి వచ్చే మనిషి ఎందుకో అర్థం కాలేదు. వస్తాడు, నిలబడతాడు, ఎవరూ ఏమీ అడగరు, అతనూ ఏ పనీ చెయ్యడు. అతను లేకపోయినా ఇల్లు నడుస్తుంది. తీసెయ్యండి.'

నాలుగు వేలమంది అవునన్నారు. అతను ఆ కామెంటు స్టోరు గదిలో కూర్చుని, టిఫిను డబ్బా విప్పకుండా, మూడుసార్లు చదివాడు. తప్పు పట్టడానికి అందులో ఒక్క ముక్క కూడా దొరకలేదు. తనూ అవునని నొక్కాడు. నాలుగు వేలా ఒకటి అయింది.

దాని కింద సన్నటి అక్షరాలతో, 'తయారుచేసినవారు ఇంకా చూడలేదు' అని ఉంది.

ఆ సాయంత్రం ఆరింటికి అతను మళ్లీ తాళం తిప్పాడు.